ఎలుగుబంటి ఏమంటుంది?

పులి గాండ్రిస్తుంది. సింహం గర్జిస్తుంది. ఏనుగు ఘీంకరిస్తుంది. గుర్రం సకిలిస్తుంది, నక్క ఊళ వేస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, పాము బుస కొడుతుంది. చిన్నప్పుడు ఈ జాబితాని మనందరం బట్టీ పట్టాం. మరి ఎలుగుబంటి ఏమంటుంది? నా వాచకంలో ఎలుగుబంటి బొమ్మ ఉంది గానీ దాని అరుపుకి మాట లేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి నేను పట్టించుకోలేదు. మొన్న దీపావళి సెలవుల్లో పట్టించుకోవాల్సి వచ్చింది.

ఆ సెలవుల్లో అవ్వని, తమ్ముణ్ణి తీసుకుని రాణీబాగ్‌కి వెళ్లాను. కాగితాల మీద దాని పేరు వీరమాతా జిజాబాయి భోసలే ఉద్యానం. కామాటిపుర నించి బైకుల్లాకి నడిచిపోయే మాకు మాత్రం ఎప్పుడూ రాణీబాగే. జనమంతా పెంగ్విన్ల దగ్గర వరస కట్టారు. ఎలుగుబంటి దగ్గర కొంతమంది పిల్లలు "ఏయ్ భాలూ, నాచ్!" అని అరిచి, ఈలలు వేసి, అది కదలకపోతే విసుగొచ్చి వెళ్లిపోయారు. మేం అక్కడే నిలబడ్డాం, ఎందుకంటే అవ్వ కదల్లేదు. గోల తగ్గాక ఒక శబ్దం వినపడింది. మా చాల్ కింద గాలాలో కుట్టు మిషన్ పెడల్‌ని సగం తొక్కి పట్టుకుంటే మోటారు ఒకటే తీరున రొద పెడుతుంది చూడండి, అలాగ. తమ్ముడు నిజంగానే ఏదో మోటారు అనుకుని చుట్టూ వెతికాడు.

అవ్వ నవ్వింది. "మోటరు గాదు బిడ్డా, గదే అంటున్నది. పంజా నోట్ల వెట్టుకున్నది సూడు. తేనెటీగల లెక్క అంటది" అంది.

నాకు నమ్మకం కుదరక ఇంటికొచ్చి చదివాను. అవ్వ చెప్పింది నిజం. మన దేశపు ఎలుగుబంటి పడుకుని విశ్రాంతిగా ఉన్నప్పుడు, తన పంజా తానే చీకుతున్నప్పుడు సన్నగా రొద చేస్తుందని పుస్తకాల్లో ఉంది. ఎలుగుబంట్ల మీద పెద్ద పుస్తకం రాసిన గ్యారీ బ్రౌన్ ఈ జంతువు 16 రకాల సందర్భాల్లో చేసే శబ్దాలు 25కి పైగా ఉన్నాయని జాబితా ఇచ్చాడు. కోపమొస్తే గుర్రుమంటుంది, మొరుగుతుంది, బొబ్బ పెడుతుంది. దెబ్బ తగిలితే, భయపడితే కీచుమంటుంది, మూలుగుతుంది. తల్లి పిల్లలతో ఉన్నప్పుడు జోల లాంటి గొంతు ఒకటి తీస్తుంది. జత కట్టే రోజుల్లో గట్టిగా, రాగం తీసినట్టు పిలుచుకుంటాయట. ఇన్ని గొంతులున్న జంతువుకి మన వాచకం ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

ఇక్కడ మన తెలుగులోనే ఒక తమాషా ఉంది. ఎలుగు అంటే ఎలుగుబంటి. ఎలుగు అంటే గొంతు కూడా. "ఎలుగెత్తి పిలిచింది" అంటాం కదా, ఆ ఎలుగే. రెండు మాటలూ ఒక్క వేరు నించి పుట్టాయని నేను వాదించడం లేదు. పాత తమిళంలో ఎలుగుబంటిని ఎణ్కు అనేవారు, మన జంతువు పేరు ఆ చుట్టరికంలోది. కానీ రెండూ ఒకేలా పలుకుతున్నాం. మా ఆయీ మరాఠీలో అస్వల్ అంటుంది, గల్లీలో హిందీలో భాలూ అంటారు, పురాణంలో భల్లూకం. వీటన్నిట్లో గొంతు వినిపించే పేరు ఒక్క తెలుగులోనే ఉంది. ఆ పేరు పెట్టుకుని కూడా మనం దాన్ని చూడ్డమే నేర్చుకున్నాం, వినడం నేర్చుకోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకుంది ఇదే. ఇది ముద్దుమాటగా చెప్పడం లేదు. దీనివల్ల అడవి అంచు ఊళ్లలో మనుషులు చచ్చిపోతున్నారు, ఎలుగులూ చచ్చిపోతున్నాయి.

ముందు దాని లోకం ఎలాంటిదో చూద్దాం. అవ్వ వాళ్ల ఊరు అచ్చంపేట వైపు, నల్లమల అంచున. అక్కడ దీన్ని గుడ్డెలుగు అంటారు. ఆ పేరులో గుడ్డి అనే మాట వినపడుతూనే ఉంది. పూర్తిగా గుడ్డిదేం కాదు గానీ దాని చూపు అంత చురుకైంది కాదు. వినికిడి కూడా గొప్పదేం కాదంటారు. దానికి అన్నీ ముక్కే. మట్టిలో మూడడుగుల లోతున ఉన్న పురుగుని కూడా వాసనతో పట్టగలదు. చెదల పుట్టని గోళ్లతో తవ్వి, దుమ్ముని ఉఫ్‌మని ఊది, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదాలు గొట్టంలా చాచి చెదల్ని లోపలికి లాగేస్తుంది. అందుకు వీలుగా పై వరసలో మధ్య పళ్లు రెండూ దానికి ఉండవు. ఈ లాగుడు శబ్దం వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది.

ఆ సంగతి మళ్లీ ఒకసారి ఆలోచించండి. అది తింటున్నప్పుడు మనకి వంద మీటర్ల దూరం నించే వినపడుతుంది. దానికి మాత్రం మనం వినపడం. తల పుట్టలో ఉంది, ముక్కు మూసుకుని ఉంది, దాని చప్పుడే దాని చెవుల్లో ఉంది. ఆ టైంలో ఒక మనిషి అడుగు చప్పుడు లేకుండా పదడుగుల దగ్గరికి వచ్చేస్తే అది తల ఎత్తి మొదటిసారి మనిషిని అక్కడ చూస్తుంది. మనకి అది దాడి. దానికి మనమే దాడి. పులులున్న అడవిలో బతకడం నేర్చిన జంతువు కాబట్టి పరిగెత్తి దాక్కోవడం కంటే ఎదురు తిరగడమే దానికి అలవాటు. వీపు మీద పిల్లలుంటే ఇంక చెప్పక్కర్లేదు.

అది రెండు కాళ్ల మీద లేచి నిలబడితే మీద పడ్డానికే అనుకుంటాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. చాలాసార్లు అది లేచేది ఎదర ఏముందో సరిగ్గా తెలుసుకోవడానికి, గాలిలో వాసన పట్టడానికి. దీని దూరపు చుట్టం అమెరికా నల్ల ఎలుగుబంటి ఉంది. అది ముక్కుతో బుస్సుమని ఊది, పళ్లు టకటకలాడించి, కాలితో నేలని చరిస్తే చూసినవాళ్లు చంపడానికి వస్తోందనుకుంటారు. అడవిలో దాన్ని దగ్గరగా గమనించినవాళ్లు అది భయపడ్డ ఎలుగు చేసే పని అంటారు. దాని పిల్లలు పాలు తాగుతూ మా రాణీబాగ్ ఎలుగులాగే రొద చేస్తాయి. దానికి రంగులు కూడా తెలుస్తాయని 1970లలో టెన్నెసీ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష పెట్టి తేల్చారు. అంటే ఒక జాతి ఎలుగు గురించి చెప్పింది ఇంకో జాతికి అలాగే అంటగట్టడం కూడా తప్పే. ఒక్కోదాన్ని విడిగా గమనించాలి.

చూసి పొరబడ్డం పండితులకీ తప్పలేదు. 1791లో జార్జ్ షా అనే ఆంగ్లేయుడు మన ఎలుగుబంటి పొడుగు గోళ్లు, ఊడినట్టున్న పళ్లు చూసి, ఇది ఎలుగే కాదు, దక్షిణ అమెరికా చెట్లకి వేలాడే స్లాత్ అనే బద్ధకపు జంతువు జాతి అని పేరు పెట్టేశాడు. తర్వాత తప్పు తెలిసింది. కానీ పేరు పోలేదు, ఇంగ్లీషులో ఇప్పటికీ స్లాత్ బేర్ అనే అంటారు. రాత్రంతా తిరిగి పుట్టలు తవ్వుకునే జంతువుకి బద్ధకం పేరు!

ఇంక మనం చేసింది పొరపాటు కూడా కాదు. ఎలుగుని ఆడించడానికి దాని మూతి మీద ఎర్రగా కాల్చిన సూదితో పొడిచి, ఆ చిల్లులోంచి తాడు దూర్చేవారు. దాని లోకమంతా ఏ అవయవంలో ఉందో సరిగ్గా అక్కడ. ఆ తాడు లాగితే నొప్పికి లేచి కాళ్లు మారుస్తుంది, దాన్ని మనం డాన్స్ అన్నాం. అవ్వ చిన్నప్పుడు వాళ్ల ఊరికి భాలూవాడు వచ్చి చింతచెట్టు కింద రాత్రి పడుకునేవాడట. పిల్లల జడుపు పోవాలని ఎలుగు వీపు మీద ఎక్కించేవారు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవారు. అందరూ పోయాక చీకట్లో ఆ ఎలుగు పంజా చీకుతూ అలా రొద చేస్తుంటే అవ్వ వాకిట్లో పడుకుని వినేదట. రాణీబాగ్‌లో ఆ శబ్దాన్ని వెంటనే గుర్తుపట్టింది అందుకే. పగలు అందరూ దాని ఆట చూశారు. దాని గొంతు విన్నది ఒక్క అవ్వే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ ఆటలు నేరమయ్యాయి. అయినా వీధుల్లోంచి పూర్తిగా పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. రోడ్డు మీద ఆడే చివరి ఎలుగుని కూడా విడిపించామని దాన్ని కాపాడిన సంస్థ 2009లో ప్రకటించింది. ఎలుగుని ఆడించి బతికే కళందర్లకి వేరే బతుకుదెరువు చూపించడం కూడా ఆ పనిలో భాగమే. అది లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోయేది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే తప్పంతా ఆ పేదవాళ్ల మీద తోసి మనం చేతులు కడుక్కున్నట్టవుతుంది. చుట్టూ నిలబడి చిల్లర వేసింది మనమే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ వ్యాసం చిత్తు చూపిస్తే ఒక ఫ్రెండ్ అంది, "మనుషుల్ని చీరేసే జంతువు గొంతు వినమంటావా? ముందు చచ్చిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పు" అని. న్యాయమైన మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మనలో చాలామంది వార్తల్లో చూశాం. అక్కడ కొబ్బరి, జీడి, పనస తోటలు. వాటి మధ్యలోకి ఎలుగులు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకాయన చనిపోయాడు, మర్నాడు ఇంకొందరికి గాయాలయ్యాయి. మత్తుమందు ఇచ్చి ఆ ఎలుగుని పట్టుకున్నారు, అదీ బతకలేదు. తోటకి వెళ్లకపోతే ఆ మనుషులకి గడవదు. జీడిపండుకి రాకపోతే ఆ ఎలుగుకీ గడవదు. వాళ్లకి నష్టపరిహారం టైంకి అందాలి, ఊరికి దగ్గర్లో ఆస్పత్రి ఉండాలి, తోటల మధ్య మిగిలిన గుట్టలు, తుప్పలు అయినా ఎలుగుకి వదలాలి. ఇవన్నీ కావాల్సిందే, ఇవి ప్రభుత్వం చెయ్యాల్సిన పనులు.

కానీ రేపు తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికో, తునికాకు తెంపడానికో వెళ్లే ఆడమనిషికి రేపటికే పనికొచ్చేది ఒకటి కావాలి. అది అవ్వ నోట్లో ఉంది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "గుడ్డెలుగు కండ్లతోని బతుకది, ముక్కుతోని బతుకుతది. మనం సప్పుడు జేస్కుంట పోవాలె. సప్పుడు లేకుంట దాని మీదికి పోతే అది బుగులు వడ్తది. బుగులు వడ్డదే మీద వడ్తది." అడవుల మీద పనిచేసే నిపుణులు ఎలుగులున్న చోట గుంపుగా వెళ్లండి, మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ వెళ్లండి అని చెప్పేది కూడా సరిగ్గా ఇదే. బుగులు అనే ఒక్క మాటలో అవ్వ మొత్తం చెప్పేసింది. అది క్రూరం కాదు, బుగులు.

చప్పుడు చేస్తూ పోతే దాని చప్పుడు మనకెలా వినపడుతుంది అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "మల్కల కాడ ఆగాలె" అంది అవ్వ. మాట్లాడుకుంటూ నడవాలి, దారి మలుపులో, పొద గుబురుగా ఉన్నచోట, పుట్ట కనపడ్డచోట ఒక్క నిమిషం ఆగి వినాలి, మళ్లీ మాట్లాడుతూ కదలాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడే నడిచే కుర్రాడు రెండు పనులూ చెయ్యడు. అతను మాట్లాడడు, వినడు. ఊళ్లో పెద్దవాళ్లకి తెలిసిన ఈ చిన్న పద్ధతి పిల్లలకి చేరకపోతే ఏ కంచె వాళ్లని కాపాడుతుంది?

ఆ మాట విన్నప్పుడు నాకు అడవి గుర్తు రాలేదు, నేనెప్పుడూ చూడలేదు కదా. మా చాల్ మెట్లు గుర్తొచ్చాయి. మూడో అంతస్తు మలుపులో బల్బు ఎప్పుడూ ఉండదు. పైనించి బిందెతో దిగేవాళ్లు, కింద నించి ఎక్కేవాళ్లు ఢీకొంటే ఇద్దరూ పడతారు. అందుకే మా దగ్గర అందరూ ఆ మలుపు ముందు ఒకసారి దగ్గుతారు. ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చు. చీకట్లో ఎదుటివాళ్లని బెదరగొట్టకుండా ఉండాలంటే మనం ఉన్నామని ముందే వినిపించాలి. ఎవరి దగ్గు ఎవరిదో కూడా మాకు తెలుసు. వర్లీ, లోయర్ పరేల్ చాళ్ల నించి వచ్చేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నల్లమలలో అవ్వ చేసిందీ, మూడో అంతస్తులో మేం చేసేదీ ఒకటే మర్యాద.

మన సాహిత్యంలో కూడా ఇది ఉంది. జాంబవంతుడంటే మనకి గదతో నిలబడ్డ ముసలి ఎలుగు బొమ్మ గుర్తొస్తుంది. కానీ రామాయణంలో అతని గొప్ప పని గదతో చేసింది కాదు. సముద్రం ముందు అందరూ నీరసపడి కూర్చుంటే హనుమంతుడికి అతని బలం గుర్తు చేసింది జాంబవంతుడి మాట. యుద్ధకాండలో ఇంద్రజిత్తు బాణాలకి పడిపోయి కళ్లు కనపడని స్థితిలో ఉంటాడు. విభీషణుడు వెతుక్కుంటూ వచ్చి పలకరిస్తే, నిన్ను కళ్లతో చూడలేకపోతున్నాను, గొంతుని బట్టి గుర్తుపట్టాను అంటాడు. వాల్మీకి ఎలుగుని గమనించే అలా రాశాడని నేననను. కానీ చూపు పోయినప్పుడు గొంతుతో మనిషిని పోల్చుకున్న ఆ ఎలుగురాజు కథ మన చేతిలో ఉండగా, ఎలుగుబంటి అనే మాటని మొరటువాడికి తిట్టుగా మాత్రమే వాడుకుంటున్నాం. ఈ పేపరు అంటించే లోపల మన క్లాసులోనే ఆ తిట్టు రెండుసార్లు విన్నాను.

ఇంకొక్క మాట రాసి ఆపుతాను. నా అడ్రసు కామాటిపుర అని చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లు ఎలా మారతాయో నాకు తెలుసు. కామాటి అంటే కట్టడం పని, కూలిపని చేసేవాడు. నిజాం రాజ్యం నించి వచ్చిన మన తెలుగు కూలీలు ఈ ఊరి రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, కాపురమున్న చోటు అది. వాళ్ల పేరే పేట పేరైంది. అక్కడ మగ్గం నేసిన చేతులున్నాయి, మిల్లులో అరిగిన చేతులున్నాయి, ప్రతి ఏడూ బతుకమ్మ పాటలున్నాయి. బయటివాళ్లకి ఒక్కటే కనపడుతుంది. అక్కడ ఆ బతుకు బతికే ఆడవాళ్ల గొంతు కూడా వాళ్లు విన్నది కాదు, చూసిందే. అందుకేనేమో, ఒక్క చూపుతో పేరు పడిపోయిన జంతువంటే నాకు ఇంత పంతం.

అక్టోబరు 12ని ప్రపంచ స్లాత్ బేర్ దినంగా జరుపుతున్నారు. వచ్చే ఏడు ఆ రోజుకి మన తెలుగు డిపార్ట్‌మెంట్ చెయ్యగలిగిన పని ఒకటుంది, డబ్బు అక్కర్లేదు. మన ఇళ్లల్లో పాలమూరు నించి, కరీంనగర్ నించి, నల్లగొండ నించి, శ్రీకాకుళం నించి వచ్చిన ముసలివాళ్లున్నారు. ఎలుగు చేసే చప్పుళ్లకి వాళ్ల ఊళ్లో ఏ మాటలు వాడేవారో అడిగి రాసుకుందాం. ఆ తరం పోతే ఆ మాటలూ పోతాయి. మేడమ్ ఒప్పుకుంటే అదొక చిన్న పదకోశం అవుతుంది.

ఈ కాగితం కింద కావాలనే ఖాళీ వదిలాను. మొదటి మాట అవ్వది: ఎలుగు బుగులుపడితే బుస్సుమంటది, తీరుబడిగ ఉంటే జుమ్మంటది. తర్వాతి మాట మీ ఇంట్లోంచి రావాలి. పక్కన దారానికి పెన్ను కట్టి ఉంది.

— బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని